మర్చిపోయిన మొదటి వాక్యం

నాచారంలో ఆటో దిగి స్కూలు గేటు ముందు నిలబడగానే, పాఠంలో మొదటి వాక్యం గుర్తు రావడం లేదని తెలిసింది. నెల క్రితం ఉప్పల్‌లో ఇంకో స్కూల్లో ఇలాగే మొదలైంది. అక్కడ డెమో క్లాసులో బోర్డు వైపు తిరిగి, మంచినీళ్ళు అడిగి, తాగి, ఇంటికి వచ్చేశాను.

డెమో అంటే, టీచరు ఉద్యోగానికి వచ్చినవాళ్ళు పిల్లలకు ఒక పాఠం చెప్పి చూపించడం. ప్రిన్సిపాల్ వెనక బెంచీలో కూర్చుని చూస్తారు. ఇది కూడా పోతే మళ్ళీ ఎక్కడా అడిగే ధైర్యం నాకు ఉండదు. అందుకే భిన్నాల పాఠాన్ని పలకరింపుతో సహా కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన చదువు అదే.

నాలుగో తరగతి. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. బోర్డు వైపు తిరిగి, మళ్ళీ పిల్లల వైపు తిరిగాను.

"మర్చిపోయిన్రా మేడమ్?" అంది ముందు బెంచీలో రెండు జడల పిల్ల.

"అవును," అన్నాను. అబద్ధమాడదామన్నా ఏమీ తట్టలేదు.

"నాకు గూడ గట్లనే అయితది. అప్పజెప్పుమంటే మొత్తం పోతది."

"అప్పుడేం చేస్తావు?"

"పక్కదాన్ని అడుగుత."

క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. "అయితే నిన్నే అడుగుతున్నా. ఇంట్లో నలుగురు, రొట్టె ఒక్కటే. ఎలా పంచుతావు?"

ఆ పిల్ల వచ్చి బోర్డు మీద గుండ్రంగా గీసి నాలుగు ముక్కలు చేసింది. ఒకటి బాగా పెద్దది. "గిది మా తమ్మునికి. లేకుంటే ఏడుస్తడు."

"మరి నీ ముక్క పావు రొట్టేనా?"

తన ముక్క మీద వేలు పెట్టి, తమ్ముడి ముక్కతో పోల్చి చూసింది. "కాదు మేడమ్. అన్నీ ఒక్క తీరుగ ఉండాలె."

నేను మర్చిపోయిన మొదటి వాక్యం అదే. భిన్నమంటే సమాన భాగాలు. ఆ తర్వాత కాగితంతో పని పడలేదు.

"సోమవారం నుంచి రండి మేడమ్. ఆ తమ్ముని ముక్క సంగతి గూడ మీరే తేల్చాలె," అన్నారు ప్రిన్సిపాల్. ఇంటికి వెళ్ళే ఉప్పల్ ఆటో ఎక్కాక గాని ఆకలి తెలియలేదు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

మర్నాడు జడ వేస్తుంటే మా అమ్మాయి అలవాటుగా సైన్సు జవాబులు అప్పజెప్పడం మొదలుపెట్టింది. పక్కన మావాడు పుస్తకం పట్టుకుని తన వంతు కోసం కూర్చున్నాడు. ఆపమన్నాను. నిన్న మొదటి వాక్యమే మర్చిపోయానని, అయినా ఉద్యోగం వచ్చిందని ఇద్దరికీ చెప్పాను.

"మరి ఏం చేశావమ్మా?" అంది మా అమ్మాయి.

"ముందు బెంచీ పాపను అడిగాను. తను రొట్టె బొమ్మ గీసి చూపించింది."

"పరీక్షలో అడిగితే కొడతారు కదా?" అన్నాడు మావాడు.

"పరీక్షలో అడక్కండి," అన్నాను. "బొమ్మ గీసుకోండి."