నోట బుట్ట కరిచి బతికిన మా మేనత్త

మా మేనత్త చచ్చిపోయింది. రెండు వారాల కిందట, ఆదివారం పొద్దున, పులికాట్ సరస్సులో రొయ్యలు పడుతుంటే టూరిస్టుల మోటారుబోటు ఆమె మీద నుంచి పోయింది. నేను శ్రీసిటీలో ఫ్యాక్టరీ డ్యూటీలో ఉన్నాను. ఇల్లు చేరేసరికి చాపలో చుట్టి ఉంచారు. ముఖం చూడొద్దన్నారు. చూశాను.

మా ఆడవాళ్లకు వలలుండవు. నడుంలోతు నీళ్లలో మెడదాకా మునిగి కూర్చుని, బురదను రెండు చేతులతో తడిమి రొయ్యను పడతారు. తాటాకు బుట్టను పళ్లతో కరిచి పట్టుకుంటారు. అరవాలంటే బుట్ట వదలాలి. వదిలితే పట్టిందంతా నీళ్లపాలు.

గుడ్లున్న పీత దొరికితే మాత్రం మా అత్త బుట్టను నోట్లోంచి తీసేది. "పో తల్లీ, కాన్పు చేసుకోని రా" అని వదిలేసేది. బడి మానేసిన నాచేత పొట్లాల కాగితాలు చదివించిందీ ఆమే. "ఎవుడేం రాసినాడో తెలియాల్రా అల్లుడా" అనేది.

సరస్సు మధ్య మా దీవి చుట్టూ నీళ్లకింద గడ్డి ఉంటుంది. రొయ్యపిల్లలు పెరిగేది అందులోనే. బోట్లొచ్చాక వాటి అడుగున తిరిగే ఫ్యాన్లు ఆ గడ్డిని వేర్లతో సహా పీకేశాయి. నిరుడు ఆమె ఒడ్డున ఆగిన ఒక బోటు ఎక్కి, నడిపేవాడి చెంప పగలగొట్టింది.

"ముసల్దానా, నీళ్లు నీ అబ్బ సొత్తా?"

"నా అబ్బది కాదురా, రొయ్యపిల్లది. పోయి దాన్నడుగు."

వాడు గెడతో ఆమె డొక్కలో పొడిచాడు. వెనకే ఉన్న నేను రాయెత్తి ఇంజను పగలగొట్టాను. ఆమె తిరిగి నన్నే కొట్టింది. "ఆ నూనంతా నీళ్లలో పడ్డాది గదరా ఎర్రోడా! ఎవురు తాగాల దాన్ని?"

ఆమె పోయిన మూడోరోజు బోటు ఓనరు ఇంటికి కాగితం తెచ్చాడు. చదివాను. ఆమె కాలుజారి మునిగిపోయిందట.

"సంతకం పెట్టబ్బా, కేసు లేకుండా పోతాది. ఆయమ్మ అరిసి ఉంటే ఆపుండమా?"

కాగితం చించి ఉండచుట్టి వాడి నోట్లో కుక్కాను. "ఇప్పుడరువు, సూస్తాం."

మొన్న ఆదివారం ఆమె పోయినచోట మా ఆడవాళ్లు ఎనిమిదిమంది బారుగా నీళ్లలో కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఎవరూ రొయ్య పట్టలేదు. బోటు దగ్గరికొచ్చి ఇంజను ఆపింది. పైనుంచి ఒకాయన ఫోను మాకేసి తిప్పి, "నవ్వండి" అన్నాడు. నీళ్లమీద తొమ్మిది తలలు. ఎవరూ కదల్లేదు. బోటు వెనక నుంచి తెగిన గడ్డి పచ్చగా తేలుతూ వచ్చి, ఒక్కొక్కరి గొంతుకూ చుట్టుకుంటోంది.