రేడియేటర్లో మడ్డి

మా ముత్తాతగారు గోదావరి పాయల నడుమ పన్నెండు గ్రామాలకు జమీందారు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. వారి కుమారుడు, అంటే మా తాతగారు, జిల్లా బోర్డు సభ్యులు. ఏనుగును మేపే స్తోమత పోయాక కూడా దాని గొలుసును సావడి దూలానికి వేలాడదీసి ఉంచారు. మా నాన్నగారు సహకార బ్యాంకులో గుమాస్తా. నేను న్యూజెర్సీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పేర్లు రాయడం లేదు. తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పినా ఒకటే.

దివాణాన్ని అమ్మింది మా తాతగారే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు. ఇళ్ళ ధరలు పడిపోయిన రోజుల్లో ఇక్కడ ఐసెలిన్ ఊరి దగ్గర ఇల్లు కొన్నప్పుడు నేను మనసులో ఒకటే అనుకున్నాను: మా వంశంలో ఇల్లు అమ్మే రెండో మనిషిని నేను కాకూడదు.

మిత్రులందరూ కొత్త టౌన్‌హౌస్‌లు కొంటుంటే నేను వెతికి వెతికి పాత ఇల్లు కొన్నాను. ఎత్తైన కప్పు, నునుపుదేరిన చెక్క మెట్లు, ప్రతి గదిలో కిటికీ కింద పోతపోసిన ఇనుప రేడియేటర్, దాని మీద లతలూ పువ్వులూ. బేస్‌మెంట్‌లో బాయిలర్ నీళ్ళు కాచితే, పంపు వాటిని గొట్టాల గుండా ఈ రేడియేటర్లలోకి తోస్తుంది. గదిని వెచ్చబరిచి చల్లారిన నీళ్ళు మళ్ళీ బాయిలర్‌కే చేరతాయి. బాయిలర్‌ను మొదటిసారి చూసినప్పుడే నాకు మా ఇంటి రాగి కాగు గుర్తుకొచ్చింది.

దివాణం పోయినా ఆ కాగు మాతో అద్దె ఇంటికి వచ్చింది. స్నానాల నీళ్ళన్నీ అందులోనే కాగేవి. అందులోంచి చెంబుడు తీస్తే చెంబుడు పోయాలన్నది నాయనమ్మ శాసనం. నీళ్ళు ఎప్పుడూ అంచుదాకా ఉండాలి. వెలితి కాగు వెలితి ఇంటికి గుర్తని ఆమె నమ్మకం. దాన్ని చూసుకునే బాధ్యత పెద్ద కొడుకుది. మా నాన్నగారు చూసుకున్నారు, తరవాత నేను చూసుకున్నాను.

అందుచేత ఇక్కడా ఆదివారం తలంటుకోగానే బేస్‌మెంట్‌లోకి దిగేవాణ్ణి. బాయిలర్‌కు మంచినీళ్ళు వచ్చే కుళాయి తిప్పేవాణ్ణి. లోపల నిండి ఎక్కువైన నీళ్ళు పక్క గొట్టంలోంచి బకెట్‌లోకి పొర్లేవి. బకెట్ నిండాక కుళాయి కట్టేసి, తృప్తిగా పైకి వచ్చేవాణ్ణి.

మొదటి చలికాలం ఇల్లంతా వెచ్చగా ఉంది. తరవాతి ఏడు హాల్లో పెద్ద రేడియేటర్ పైన వేడి, కింద చల్లన. ఆ పై ఏడు పూర్తిగా చల్లబడింది. గదికొకటి చొప్పున ఎలక్ట్రిక్ హీటర్లు తెచ్చిపెట్టాం. అవి పక్కనున్నవాళ్ళ పిక్కలను మాడ్చేవే తప్ప హాలును ఏమీ చెయ్యలేకపోయేవి.

ఇలా ఉండగా మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పట్టుచీరల మీద జాకెట్లు జిప్పు పెట్టుకుని ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. పీటల మీద నేను కోటుతో కూర్చున్నాను. నాతో ఎం.ఎస్. చదివిన వరంగల్ మిత్రుడు హారతి కళ్ళకద్దుకుంటూ నా చెవిలో అన్నాడు.

"దర్బార్ల గీ కోటేంది దొరా? వేటకు బోతున్నవా?"

అందరూ వెళ్ళిపోయాక నా భార్య ప్రసాదం గిన్నె నా ముందు పెట్టింది. నెయ్యి పేరుకుని తెల్లగా ఉంది.

"చూశారా? గరిటెతో తవ్వి పెట్టాను అందరికీ. ఏజెంట్‌తో మాట్లాడేశానండీ. వచ్చే ఆదివారం ఇల్లు చూడ్డానికి వస్తుంది. స్ప్రింగ్‌లో అమ్మకానికి లిస్ట్ చేద్దాం."

"మా ఇంట్లో ఒకసారి అమ్మారు. అది చాలు."

"నాకు దివాణం వద్దు మహాప్రభో, కాళ్ళు వెచ్చగా ఉంటే చాలు. ఆదివారం లోపల హాలు వెచ్చబరచండి. ఏజెంట్‌ని నేనే క్యాన్సిల్ చేస్తాను."

మర్నాడు వచ్చిన ప్లంబర్ రేడియేటర్‌ను తట్టి చూసి, లోపల మడ్డి పేరుకుందనీ, ఇవన్నీ పీకేసి కొత్త రకం పెట్టించుకొమ్మనీ అన్నాడు. పీకేసే మాట నేను వినదలచుకోలేదు. మర్యాదగా గుమ్మం దాకా సాగనంపి, వరంగల్ మిత్రుడికి ఫోన్ చేశాను.

"నేను మెకానికల్ జదివిన. యాదికున్నదా?" అన్నాడు. "జావా నా తలకాయ తినకముందు. శనివారం వస్తా. బిర్యానీ వండిపియ్యాలె మరి."

శనివారం ఎండ కాసింది, పెరట్లో మంచు మాత్రం కరగలేదు. ఏ పనికైనా ఇస్త్రీ చొక్కాతో వెళ్ళడం మా అలవాటు కాబట్టి తెల్ల చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాను.

"పెండ్లికొచ్చినవా, పనికొచ్చినవా?" అన్నాడు వాడు.

బాయిలర్ ఆపి, చల్లారాక నీళ్ళు వదిలేశాం. హాలు రేడియేటర్ మరలు విప్పి, పాత దుప్పటి మీదికి ఒరగదీసి, ఇద్దరం చెరో కొసా పట్టుకుని పెరట్లోకి ఈడ్చాం. దాని బరువు చూసి మిత్రుడు మా వంశాన్ని రెండు మాటలన్నాడు. ఒక కంతలో గొట్టం పెట్టి నీళ్ళు వదిలాను. రెండో కంతలోంచి నల్లటి మడ్డి బుస్సున వచ్చి తెల్లటి మంచు మీద సిరాబుడ్డి బద్దలైనట్టు పరుచుకుంది. నా చొక్కాకూ వాటా దక్కింది.

టీ తెచ్చిన నా భార్య కిటికీలోంచి చూసి, "అయ్యో, రాజలాంఛనాలు!" అంది.

మిత్రుడు ఫ్రిజ్ మీద అంటించిన అయస్కాంతం ఒకటి తెప్పించి మడ్డిలో ముంచాడు. మడ్డి వెంట్రుకల్లా లేచి దాన్ని అంటుకుంది.

"ఇది మట్టి గాదు దొరా, ఇనుము. నీ రేడియేటరే లోపల్నుంచి తుప్పువట్టి ఇట్లయింది. గీ సిస్టమ్‌ల నీళ్ళు ఒక్కసారి నింపితే మల్ల ముట్టద్దు. కొత్త నీళ్ళల్ల గాలి ఉంటది, అది ఇనుమును తింటది. ఏడనో లీక్ ఉన్నది. కొత్త నీళ్ళు వస్తనే ఉన్నయ్."

ముగ్గురం టార్చిలైట్లతో బేస్‌మెంట్‌లోకి దిగాం. గొట్టాల వెంట నేనే ముందు నడిచాను. మూలమూలలా వెతికాను. ఎక్కడా చుక్క తడి గానీ పాత మరక గానీ లేదు. చివరికి నా భార్య బాయిలర్ పక్కనున్న బకెట్ మీద లైటు వేసి నిలబడింది.

"ఏవండీ, మరి ఆదివారం మీరు పోసే నీళ్ళో?"

"అది లీకు కాదు," అన్నాను. "అది నింపడం."

మిత్రుడు మెట్టు మీద కూలబడ్డాడు. నా భార్య గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. కాగు సంగతీ నాయనమ్మ శాసనమూ వివరించాను. వివరించేకొద్దీ వాళ్ళ నవ్వు పెరిగింది.

"మంచిదే గానీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, "ఈ నీళ్ళతో ఎవరు స్నానం చేస్తున్నారండీ?"

ఒక్క మాట మాత్రం ఆనాడూ చెప్పాను, ఈనాడూ చెబుతాను. నాయనమ్మ పొరబడలేదు. ఆమె కాగు రాగిది, అందులో నీళ్ళు ఏ పూటకాపూట స్నానాలకు అయిపోయేవి. ఆమె ఇనుప రేడియేటర్ చూడలేదు.

నీళ్ళు తేటగా వచ్చేదాకా హాలు రేడియేటర్‌ను కడిగాం. తక్కిన వాటిని కదిలించకుండానే గొట్టాల్లోకి నీళ్ళు తోసి, మడ్డి పోగొట్టాం. మళ్ళీ బిగించి, తుప్పు పట్టకుండా ఉండే మందు కలిపి, నీళ్ళు నింపాం. కుళాయి కట్టేసింది నా భార్య. ఆ తరవాత దాని పిడిని స్క్రూడ్రైవర్‌తో ఊడదీసి తన తాళాల గుత్తికి తగిలించుకుంది.

"ఇక పెద్ద కొడుకు డ్యూటీ అయిపోయింది," అంది.

బాయిలర్ వెలిగించి ముగ్గురం హాల్లో వరసగా కూర్చున్నాం. బిర్యానీ పళ్ళేలు చేతుల్లోనే ఉన్నాయి, కళ్ళు రేడియేటర్ మీద ఉన్నాయి. కాసేపు ఏమీ లేదు. నేను ఏజెంట్ గురించి ఆలోచిస్తున్నాను. దివాణానికి బేరం కుదిరిన రోజు మా తాతగారు ఏ గదిలో కూర్చున్నారో ఎవరూ నాకు చెప్పలేదు. ఇంతలో ఇనుము లోపల చిన్నగా టిక్కుమంది. నా భార్య లేచి వెళ్ళి రేడియేటర్ అడుగున అరచెయ్యి పెట్టింది. తియ్యలేదు.

"ఇక్కడ కూడా వెచ్చగా ఉందండీ," అంది.

మిత్రుడు తన కోటు విప్పి నా ఒళ్ళోకి విసిరాడు. "దర్బార్ సురువు జెయ్యి దొరా."

ఆదివారం పొద్దున నేను అలవాటుకొద్దీ బేస్‌మెంట్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. హాల్లో రేడియేటర్ మీద పళ్ళెం పెట్టి, గుడ్డ పరిచి, నా భార్య గుమ్మడి వడియాలు పెడుతోంది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఏజెంట్‌తో మాట్లాడుతోంది. "సారీ అండీ, లేదు, అమ్మడం లేదు. మా ఆయనకి ఇష్టం లేదు." ఆ తరవాత నా వైపు చూసి, "నాకు కూడా," అంది.

వసంతంలో గరాజ్ ముందు బల్ల వేసి, ఎలక్ట్రిక్ హీటర్లన్నీ అమ్మేశాం.