రెండు నంబర్లు పెద్దవి

మా అమ్మాయి తన పాదాల కోసం ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టినప్పుడు నేను నవ్వుకున్నాను. మా ఇంట్లో భోజనానికి ముందు ముగ్గురం చాప మీద కూర్చుని కళ్లు మూసుకుంటాం. మా ఆయన పెద్దవాళ్ల ఆరోగ్యం కోసం అడుగుతారు, నేను నా వార్డులో పేషెంట్ల కోసం అడుగుతాను, పదేళ్ల మా అమ్మాయి చివర్లో తనకి కావలసింది అడుగుతుంది. ఆ నెలంతా దానిది ఒకటే కోరిక. "ప్రభువా, నా పాదాలు తొందరగా పెరిగేలా చెయ్యి." హాస్పిటల్లో తోటి నర్సులకి చెప్పి వాళ్లనీ నవ్వించాను. ఎందుకు అడుగుతోందో దాన్ని మాత్రం అడగలేదు.

మేం ఉండేది సౌదీలో, అల్ ఖోబర్‌లో. ఎండ మనిషిని మాడ్చేసే ఈ ఊళ్లో, ఓ మాల్ లోపల మంచు పరిచిన రింకు ఉంది. క్లాసులో ఎవరిదో పుట్టినరోజుకి వెళ్లి మా అమ్మాయి మొదటిసారి ఆ మంచు మీద కాలు పెట్టింది. మొదటిరోజు గోడ వదల్లేదు. నాలుగోసారికి గోడతో పని లేకుండా పోయింది. ఏడాది తిరిగేసరికి చేతిలో హాకీ కర్ర, తల మీద హెల్మెట్, ఆ కర్రతో నల్లటి రబ్బరు బిళ్లని తోసుకుంటూ పరుగు. గోదావరి జిల్లాలో పుట్టి, ఐసుగడ్డని సోడాలో తప్ప ఎరగని నేను స్వెటర్ వేసుకుని అద్దం ఇవతల కూర్చునేదాన్ని. నా కడుపున పుట్టిన పిల్లేనా ఇది అనిపించేది. గర్వంగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

అప్పటిదాకా వేసుకున్నవి రింకు వాళ్లు అద్దెకిచ్చే స్కేట్లు, అడుగున బ్లేడు ఉన్న బూట్లు. కోచ్ ఆ నెలాఖరుకి ఆడపిల్లల జట్టుని ఎంచుతానని చెప్పింది. దీనికి ఆ జట్టులో ఉండటం కన్నా లోకంలో ఇంకేం అక్కర్లేదు. అయితే సొంత స్కేట్లు కొందాం అనుకున్నాను. అదీ దానికి చెప్పకుండా, ఆశ్చర్యపోవాలని. డ్యూటీ దిగి నేరుగా షాపుకి వెళ్లాను. "పిల్లని తీసుకొస్తే కాలు కొలుస్తాం మేడమ్" అన్నాడు షాపతను. పిల్ల కాలు తల్లికి తెలియదా? స్కూలు బూట్లు మూడో నంబరు. పెరిగే పిల్ల కదా, అయిదో నంబరు ఇమ్మన్నాను.

ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు, మా అమ్మది. మా అమ్మ గౌను కుట్టిస్తే కింద మూడు మడతలు వేయించేది, ఏడాదికో మడత విప్పేది. బూట్లు కొంటే ముందు దూది కుక్కేది, ఏటా కొంచెం దూది తీసేది. అయిదో క్లాసులో కొన్న బూట్లు ఏడో క్లాసులో సరిగ్గా సరిపోయేవి, అప్పటికి అవి చిరిగిపోయేవి. అంటే నా చిన్నతనంలో నా కాలికి సరిపోయిన బూటు నేను వేసుకున్నట్టే గుర్తులేదు. అయినా పొదుపంటే మా అమ్మదే అని ఈనాటికీ చెప్పుకుంటాను.

స్కేట్లు చూసి మా అమ్మాయి ఎగిరి నా మెడకి చుట్టుకుంది. "ఎనిమిదో క్లాసుదాకా వస్తాయి, జాగ్రత్తగా వాడుకో" అన్నాను. రెండు జతల మందం సాక్సులు తొడిగాను. ఇంకా వదులనిపిస్తే లేసులు బిగించాను. కట్లు కట్టడం అలవాటైన చెయ్యి కదా, మెలితిప్పి మరీ బిగించాను.

ఆ రోజు నుంచి పిల్ల ఆట పాడైపోయింది. మలుపు తిరగబోతే చీలమండ లోపలికి వాలిపోయేది. ఆగబోతే పడిపోయేది. నిన్నటిదాకా దీని వెనక వచ్చినవాళ్లంతా దీన్ని దాటుకుపోతున్నారు. "కొంచెం వదులుగా ఉన్నాయేమోనమ్మా" అంది ఒకసారి, మెల్లిగా. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "ఆడలేక మద్దెల ఓడు అందట నీలాంటిదే. అద్దెవాటితో ఆడినదానివి, సొంతవి రాగానే శ్రద్ధ పోయింది" అన్నాను. అది మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎంపికకి వారం రోజులుందనగా కారులో వెనక సీట్లోంచి, "నేను హాకీ మానేస్తానమ్మా. నాకు రాదు" అంది. బండి నడుపుతున్న మా ఆయన నాకేసి చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ శుక్రవారం బ్లేడులు సానపట్టిద్దామని రింకుకి వెళ్లాం. సానపట్టేదీ, స్కేట్లు అద్దెకిచ్చేదీ ఒక పాకిస్తానీ పెద్దాయన. మా నాన్న వయసు, అయినా నన్ను "బాజీ" అంటాడు, అక్కా అని. నేను టీ తీసుకుని వచ్చేసరికి ఆయన మా అమ్మాయిని బల్ల మీద కూర్చోబెట్టి కాలికున్న స్కేటుని వేలితో నొక్కి చూస్తున్నాడు. ఇవి నీకు పెద్దవి బేటీ అంటున్నాడు. మా అమ్మాయి స్కూల్లో నేర్చిన హిందీలో జవాబు చెబుతోంది.

"కాదు అంకుల్, స్కేట్లు మంచివే. మా అమ్మ కొంది. నా పాదాలే ఇంకా పెరగలేదు. రోజూ ప్రార్థన చేస్తున్నాను."

టీ పక్కన పెట్టేశాను. ఇన్ని రోజులుగా నేను నవ్వుకున్న ప్రార్థన అది.

గబగబా వెళ్లి లేసులు విప్పాను, సాక్సులు లాగేశాను. చీలమండకి రెండు పక్కలా చర్మం లేచిపోయి ఉంది. కాలి వేళ్లు తెల్లగా, చల్లగా ఉన్నాయి. బొటనవేలి గోరు నొక్కి వదిలాను. ఎరుపు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూడటం నాకు రోజూ ఉన్న పనే, కట్టు కట్టిన ప్రతి కాలికీ చూస్తాను. ఎరుపు తీరిగ్గా వచ్చింది. షుగరు పేషెంట్లకి చెప్పులు ఎలా ఎంచుకోవాలో పావుగంట పాఠం చెప్పేదాన్ని నేను. చెప్పేవి శ్రీరంగనీతులు.

"నొప్పి అని చెప్పలేదేమే?" అన్నాను. గొంతు కోపంగానే వచ్చింది, నాకు ఏడుపు అలాగే వస్తుంది.

"నువ్వు ఎనిమిదో క్లాసుదాకా అన్నావు కదమ్మా" అంది.

పెద్దాయన స్కేటులోంచి అడుగుపట్టీ తీసి నేల మీద పరిచి, పిల్లని దాని మీద నిలబడమన్నాడు. వేళ్ల ముందు నా బొటనవేలు అడ్డంగా పెట్టినా ఇంకా చోటు మిగిలింది. బూటు వేరు, స్కేటు వేరు బాజీ, స్కేటు బూటు కన్నా ఒక నంబరు తక్కువే తీసుకోవాలి అన్నాడు. "పెరిగే పిల్ల కదా భాయ్‌సాబ్" అన్నాను, ఇంకా ఆ మాట నా నోట్లోనే ఉంది. "పెరుగుతుంది. కానీ ఆడేది ఇవాళ కదా" అన్నాడాయన.

ఆయన వెనక గదిలో ఒక అర ఉంది. పిల్లలకి పొట్టివైపోయిన స్కేట్లు తల్లిదండ్రులు అక్కడ పెట్టి, తమ పిల్లలకి పట్టేవి తీసుకెళతారట. ఒకరు విడిచినవి తొడుక్కోవడం మా అమ్మకి గిట్టదు, నాకూ మనసు ఒప్పలేదు. అయినా మోకాళ్ల మీద కూర్చున్నాను. ఒక్క పల్చటి సాక్సు. మొదటి జత పాదాన్ని కరిచింది. రెండో జతలో లేసులు కట్టకుండా వేళ్లు ముందుకి తోయమన్నాడు. మడమ వెనక నా వేలు ఒక్కటే పట్టింది. లేసులు కట్టి మోకాళ్లు వంచమన్నాడు. మడమ వెనక్కి కూర్చుంది, వేళ్లు ముందుభాగాన్ని తగిలీ తగలనట్టు తగిలాయి. లోపల ఎవరో పిల్ల అంటించిన నక్షత్రం బొమ్మ సగం చెరిగిపోయి ఉంది. అయిదో నంబరు జతని ఆ అరలో పెట్టేశాం.

"తప్పు నాదేనమ్మా" అన్నాను లేసు ముడి వేస్తూ. "మద్దెల నిజంగానే ఓడు." అది నా తల మీద చెయ్యి వేసి లేచి నిలబడింది. మంచు మీదకి వెళ్లి రెండు అడుగులు జాగ్రత్తగా వేసింది. మూడో అడుగుకి ముందుకి వంగి వేగం అందుకుంది. మలుపు దగ్గర చీలమండ నిటారుగా నిలబడింది. ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చి, నా ముందు మంచుపొడి ఎగిరేలా ఆగి, హెల్మెట్ లోంచి నవ్వింది. నేను అద్దం ఇవతల కళ్లు తుడుచుకున్నాను.

జట్టులోకి తీసుకున్నారు. ఆ సాయంత్రం భోజనానికి ముందు ముగ్గురం కళ్లు మూసుకున్నాం. మా ఆయన వంతు అయింది, నా వంతు అయింది. మా అమ్మాయి గొంతు సవరించుకుంది.

"ప్రభువా, నా పాదాలు ఇంక పెరగకుండా ఆపు. పెరిగితే అమ్మ మళ్లీ స్కేట్లు వెతుక్కోవాలి."

నేను కళ్లు తెరిచాను. చాప మీద చాపుకున్న ఆ రెండు పాదాలూ నా ఒళ్లోకి లాక్కున్నాను. పుళ్లు ఎండుతున్నాయి. వేళ్లు వెచ్చగా ఉన్నాయి.

"వద్దు ప్రభువా" అన్నాను పైకే. "పెరగనీ. ఎన్నిసార్లైనా వెతుక్కుంటాను."

మా అమ్మాయి ఒక కన్ను తెరిచి, "నీ వంతు అయిపోయిందమ్మా" అంది.