చద్దరు మీద ఉడుత ముఖం

2023 వానాకాలం. సోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర ఒక మేడ మీద ఒకటే గది, రెండు కంప్యూటర్లు, మెట్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరి గొడవ. అదే నా ఆఫీసు. ఇరవై ఆరేళ్లుగా చద్దర్లకీ టవళ్లకీ జకార్డ్ డిజైన్లు గీస్తున్నాను. జకార్డ్ అంటే మగ్గం నెత్తిన కూర్చుని ఏ దారం లేవాలో, ఏది పడుకోవాలో చెప్పే యంత్రం. నేను గళ్ల కాగితం మీద బొమ్మ గీస్తాను, దాన్ని గ్రాఫ్ అంటాం. నింపిన గడికి అట్టకార్డులో చిల్లు పడుతుంది, చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, బట్ట మీద బొమ్మ తేలుతుంది. ఇప్పుడు కంప్యూటర్లో గీస్తున్నాం కానీ మా పేటలో చాలా మగ్గాలకు ఈనాటికీ అట్టకార్డులే. "ఇంతేనా పని?" అని అడిగినవాళ్లకు నేను కుర్చీ చూపించి కూర్చోమంటాను. ఇప్పటిదాకా ఎవరూ గంట కూర్చోలేదు.

దాజీ పేట్‌లో అంబాదాస్ మామకు చద్దర్లు నేసే నాలుగు మరమగ్గాలు ఉండేవి. మాకు దగ్గరి చుట్టం కాదు, పేట వరసతో మామ. చుట్టుపక్కల అందరూ ఎప్పుడో టవళ్లకు మారిపోయారు. జనం ఇప్పుడు ఉత్తరాది నుంచి వచ్చే మెత్తటి ప్రింటు బ్లాంకెట్లు కప్పుకుంటున్నారు, బరువైన చద్దరు ఎవరికి కావాలి? మామ మాత్రం మారలేదు. ఆ జూన్‌లో ఆయన మగ్గాలు నాలుగూ ఆగిపోయాయి. పాత ఇనుము కొనేవాడు కూడా వచ్చి చూసి వెళ్లాడు. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య నర్సవ్వ అత్త, బీడీలు చుడుతూనే. "భంగారోడు వచ్చి పెండ్లిసూపులకు వచ్చినట్టు సూసి పోయిండు. పిల్ల నచ్చిందట, బరువు మంచిగున్నదట."

సరిగ్గా అప్పుడే పూణే నుంచి కులకర్ణి అనే ఆయన ఫోన్ చేశాడు. ఒక గోడ రంగుల కంపెనీలో ప్రకటనల వ్యవహారం చూస్తాడట. దీపావళికి దుకాణదారులకూ, పెయింటర్లకూ చద్దర్లు కానుకగా ఇవ్వాలని వాళ్ల ఆలోచన. చద్దరు మీద బిట్టు బొమ్మ ఉండాలట. బిట్టు ఎవరంటే, పిల్లల ఫోన్లలో ఉండే ఒక వీడియో గేమ్‌లో ఉడుత. పసుపు ఒళ్లు, వీపు మీద మూడు నీలం చారలు, కళ్ల చుట్టూ నీలం పట్టీ. ఆ సంవత్సరం రంగు డబ్బాల ప్రకటనల్లో, బస్సుల మీద, గోడల మీద అదే ఉడుత బ్రష్షు పట్టుకుని నవ్వుతూ ఉంది.

నాకు నోరు ఊరుకోదు. గింజలు ఏరుకునే ఉడుతకూ గోడ రంగుకూ ఏం సంబంధమని అడిగాను. ఏ రంగు మంచిదో జనానికి తెలియదని, తెలిసిన ముఖం చెబితే వింటారని ఆయన అన్నాడు. ఆ ఉడుతకు మాత్రం రంగుల గురించి ఏం తెలుసని అన్నాను. ఆయన నవ్వి, "మేడమ్, మీకు ఆర్డరు కావాలా, వాదన కావాలా?" అని అడిగాడు. రెండూ కావాలని చెప్పలేక ఆర్డరు అన్నాను. నాలుగు మగ్గాలూ దీపావళి దాకా ఊపిరాడకుండా తిరిగేంత పని అది. మామకు చెబితే లేచి వెళ్లి మగ్గాలకు వేసే నూనె డబ్బా తెచ్చుకున్నాడు.

ఇలాంటి బొమ్మను ఎవరు పడితే వాళ్లు వేయడానికి లేదు. ఆట కంపెనీ దాన్ని అద్దెకిస్తుంది. ఆ అనుమతిని లైసెన్స్ అంటారు. బొమ్మ ఎలా ఉండాలో చెప్పే పుస్తకం ఒకటి పంపుతారు, దాన్ని స్టైల్ గైడ్ అంటారు. చెవికీ చెవికీ మధ్య ఎంత దూరం, నవ్వు ఎంత వెడల్పు, అన్నీ అందులో ఉంటాయి. బెంగళూరులో రితిక అనే అమ్మాయి ప్రతి డిజైన్‌నూ ఆ పుస్తకంతో సరిచూసి ఔననో కాదనో చెబుతుంది.

నా మొదటి గ్రాఫ్ చూసి కన్ను గుండ్రంగా లేదు, మెట్లు మెట్లుగా ఉందని తిప్పి పంపింది. మా మగ్గానికి గడులే తప్ప వంపులు తెలియవని, ఫోన్ తెర మీది వాళ్ల ఉడుత కూడా చిన్న చిన్న గడులతో తయారైనదేనని, దగ్గర పెట్టుకుని చూసుకోమని జవాబు రాశాను. మర్నాడు ఒప్పుకుంది. గెలిచానని నాకు కాస్త పొగరు కూడా వచ్చింది. ఆ పొగరుతోనే గైడ్‌లో మిగిలిన పేజీలు చదవలేదు.

కార్డులు కొట్టించాం. మామ తన చేత్తో మొదటి చద్దరు నేశాడు. నీలం నేల మీద పసుపు ఉడుత, చూడముచ్చటగా వచ్చింది. ముందు వైపు ఫొటో తీసి పంపాను, బాగుందన్నారు. చద్దరును కొరియర్‌లో బెంగళూరుకు పంపాను. నాలుగో రోజు రితిక ఫోన్ చేసింది. మేం మాట్లాడుకున్నది హిందీలో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మేడమ్, వెనుక వైపు ఉన్నది ఎవరు?"

"ఎవరుంటారు, బిట్టే."

"కాదు. నీలం ఒళ్లు, పసుపు చారలు. అది మా ఆటలో దొంగ ఉడుత."

ఇక్కడ మా చద్దరు గురించి ఒక మాట చెప్పాలి. సోలాపూర్ చద్దరు డబుల్ క్లాత్, అంటే రెండు పొరలు కలిపి నేసిన బట్ట. బొమ్మ ఉన్నచోట పై పొర కిందికి, కింది పొర పైకి మారుతుంది. అందుకే ముందు పసుపు ఉన్నచోట వెనుక నీలం ఉంటుంది, ముందు నీలం ఉన్నచోట వెనుక పసుపు. ఇది మాకు పుట్టుకతో తెలుసు. ఎంతగా తెలుసంటే, ఎవరికైనా చెప్పాలని తోచనంతగా తెలుసు. ఇక ఆ ఆటలో బిట్టు దాచుకున్న గింజలన్నీ ఎత్తుకుపోయేవాడు అచ్చంగా బిట్టులాగే ఉంటాడు, రంగులు మాత్రం తారుమారు. మా పేట పిల్లలు వాణ్ణి ఉల్టా బిట్టు అంటారని తర్వాత తెలిసింది. అంటే మామ ఒక్క చద్దరులో ఇద్దరినీ నేసి పెట్టాడు.

నేను తగ్గలేదు. "వెనుక వైపు ఎవరు చూస్తారమ్మా?" అన్నాను.

"మీ కొటేషన్ మూడో లైను చదవనా? రెండు వైపులా వాడుకోవచ్చని మీరే రాశారు."

ఆ లైను రాసింది నేనే. పోనీ ఆ దొంగకు కూడా అద్దె కట్టిద్దామా అని అడిగాను. కుదరదంది. వాణ్ణి అప్పటికే ఒక తాళాల కంపెనీ తీసుకుందట, ఇంకెవరి ప్రకటనలోనూ కనిపించకూడదని ఒప్పందమట. నాకు నవ్వొచ్చింది. కానీ నవ్వే సమయం కాదు. ఆ సాయంత్రమే కులకర్ణి చెప్పేశాడు, పది రోజుల్లో ఆమోదం రాకపోతే ఆర్డరు మొత్తం ప్రింటు బ్లాంకెట్లకు వెళ్తుందని. వాటి వెనుక వైపు ఉత్త తెలుపు, ఏ దొంగా ఉండడు.

దాజీ పేట్ వెళ్లి మామకు అంతా చెప్పాను. తప్పు నాదేనని, వెనుక వైపు ఫొటో కూడా మొదటే పంపి ఉండాల్సిందని అన్నాను. ఆయన కోప్పడలేదు. అదే కష్టంగా అనిపించింది. "నేను గూడ మడతవెట్టేటప్పుడు సూసిన. రెండు దిక్కులా మంచిగనే ఉన్నదనుకున్న. మనకు ఉల్టా ఏంది, సీదా ఏంది?" అన్నాడు.

వెనుక ఒక తెల్ల బట్ట కుట్టిద్దామా అని నసిగాను. ఆయన తల ఎత్తి నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

"చద్దరుకు అస్తరా? గట్లయితె చద్దరెందుకు, బొంత కుట్టు."

చద్దరు మీద మొఖం నేయొద్దని మామ వాళ్ల నాయన అంటుండేవాడట. ఆ మాట నేనూ చిన్నప్పుడు విన్నాను. కప్పుకున్నది కాళ్లకు తగులుతుంది కాబట్టి అలా అంటారని నా అభిప్రాయం. కాలేజీలో చదివేటప్పుడు దీని మీద పెద్దవాళ్లతో పోట్లాడాను కూడా, మూఢనమ్మకమని. అదే ఆయనతో అన్నాను.

"కాళ్లతోని ఏం పని బిడ్డా. తిప్పితె మొఖం మొఖం లెక్క ఉండదు. కన్ను తెల్లగుండే కాడ నల్లగైతది, వేరేటోడైతడు. పువ్వును ఎట్ల తిప్పు, పువ్వే."

నేను గోడవారగా ఉన్న పాత చద్దర్ల కట్ట వైపు చూశాను. ఎనిమిది రేకుల పువ్వు, మెట్ల అంచు, డైమండు గళ్లు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అన్నానో, మీ తాతలకు ఆ ఒక్క పువ్వు తప్ప ఇంకేం రాదా అని. వాళ్లకు వచ్చు. ఎటు తిప్పినా నిలబడేదే ఎంచుకున్నారు. డిప్లొమా చదివి, కంప్యూటర్ ముందు కూర్చుని నేను ఇరవై ఆరేళ్లలో గమనించనిది ఆ పువ్వులో ఉంది.

నర్సవ్వ అత్త బీడీల చాట పక్కన పెట్టి విసుక్కుంది. "ఉడుతకు తోక లేదా ఏంది? మొఖమే కావాల్నా వాళ్లకు?"

ఇంటికి వచ్చి స్టైల్ గైడ్ మొదటి పేజీ నుంచి చదివాను, ఈసారి బుద్ధిగా. ముప్పై నాలుగో పేజీలో ఉంది. బిట్టు తోక వంపునూ మూడు చారలనూ విడిగా డిజైన్‌లాగా వాడుకోవచ్చు, రెండు రంగుల్లో ఏది నేలైనా, ఏది బొమ్మైనా ఫరవాలేదు. తోకకు ఆ ఆటలో మంచీ చెడూ లేవు. అంచుకు తోకల వరస, మధ్యలో మూడేసి చారలు పెట్టి కొత్త గ్రాఫ్ గీశాను. మామ రెండు రోజుల్లో నేసిచ్చాడు. ఈసారి వెనుక వైపు ఫొటోయే ముందు పంపాను. రితిక అదే సాయంత్రం ఒప్పుకుంది. పైగా బాగుందని రాసింది. ఆమె మొదటినుంచీ న్యాయంగానే ఉంది, అది కూడా చెప్పాలి.

కులకర్ణితో మాత్రం తేలిగ్గా తెగలేదు. "మేం అద్దె కట్టింది ముఖానికి, మీరు తోక ఇస్తున్నారు" అన్నాడు. ముఖం ఎక్కడికీ పోలేదని, చద్దరు పెట్టే జిప్పు సంచి మీద పెద్దగా అచ్చు వేయించుకోమని చెప్పాను. సంచిని ఎవరూ తిప్పి కప్పుకోరు కదా అన్నాను. రెండు రోజులు ఆలోచించి, సగం ఆర్డరు మాకిచ్చాడు. మిగతా సగం అప్పటికే ప్రింటు బ్లాంకెట్లకు మాట ఇచ్చేశాడట.

సగం అంటే రెండు మగ్గాలకు పని. దీపావళి దాకా ఆ రెండూ ఆగకుండా తిరిగాయి. ఆ చద్దర్లు చూసి పూణే నుంచి మరొకరు తమ కంపెనీకి అడిగారు, అలా అవి ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. మిగిలిన రెండింటిని ఆగస్టులో ఆ పాత ఇనుము కొనేవాడు విప్పి తీసుకుపోయాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. "సగమన్న నిలవడ్డది గద" అని మామే నన్ను ఓదార్చాడు. నాకు ఓదార్పు కలగలేదు. మొదటి రోజే నేను వెనుక వైపు చూపించి ఉంటే కులకర్ణిని ఒప్పించడానికి నెల రోజుల వ్యవధి ఉండేది.

చేతకాక నష్టపోయినవాళ్లను ఈ పనిలో చాలామందిని చూశాను. ఇది చేతకాక వచ్చింది కాదు. బాగా తెలిసిన సంగతిని తెలియనివాళ్లకు చెప్పకపోవడం వల్ల వచ్చింది. ఇప్పుడు నా దగ్గరకు ఎవరు ఏ బొమ్మ తెచ్చినా, ఏనుగైనా ఉడుతైనా, కంప్యూటర్లో రంగులు తిప్పేసి వెనుక వైపే ముందు చూపిస్తాను. చాలామంది ఉలిక్కిపడతారు, ఇదేంటి దయ్యంలా ఉందంటారు. ఉలిక్కిపడేదేదో నా గదిలోనే పడమంటాను. దాజీ పేట్‌లో మామ గోడవారన ఇప్పుడు రెండు మగ్గాల జాగా ఖాళీగా ఉంది, నర్సవ్వ అత్త అక్కడ కూర్చునే బీడీలు చుడుతుంది.