కంచు మీద మెరుపు మచ్చ

ఆ మ్యూజియంలో ఆమెను అందరూ సోమవారం పిన్ని అంటారు. సోమవారం జనానికి సెలవు, ఆమెకు పని. అద్దాల పెట్టెలు తెరిచి, లోపలి వస్తువులను ఒక్కొక్కటే తీసి, దుమ్ము దులిపి, ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టాలి. ఇరవై ఆరేళ్లలో ఒక్క కుండపెంకు కూడా ఆమె చేతిలో చెక్కుచెదరలేదు.

మేడ మీద మూడో గదిలో గుప్పిట్లో పట్టేంత కంచు వస్తువు ఒకటుంది. లోపలంతా డొల్ల. పన్నెండు ముఖాలు, ముఖానికో రంధ్రం, ఏ రెండు రంధ్రాలూ ఒక్క కొలత కావు. మూలమూలకీ గోళీ అంత బుడిపె. పాతకాలంలో దాన్ని దేనికి వాడేవారో ఎవరికీ తెలియదు. దీపపు కుదురని ఒకరు, పొలాలు కొలిచే పనిముట్టని ఒకరు, ఆటవస్తువని ఇంకొకరు పుస్తకాల మీద పుస్తకాలు రాసి జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. మ్యూజియంవాళ్లు మాత్రం బుద్ధిగా ‘ఉపయోగం తెలియదు’ అని చీటీ పెట్టి ఊరుకున్నారు. పిన్నికి ఆ చీటీ అంటే ఇష్టం. తెలియనిది తెలియదని ఒప్పుకునే పెద్దమనుషులు ఎంతమంది దొరుకుతారు?

ఏ వస్తువునైనా చేతులకు నూలు తొడుగులు వేసుకునే ముట్టుకోవాలని రూలు. పిన్ని అన్నిటికీ పాటించింది, దీనికి తప్ప. చేరిన కొత్తలో ఒకసారి అది తొడుగు మీంచి జారి ఆమె ఒళ్లో పడింది. అప్పట్నుంచి ఎడమచేతి తొడుగు తీసేసి, పెద్ద రంధ్రం పక్కన బొటనవేలు ఆనించి పట్టుకుని, కుడిచేత్తో కుంచె ఆడించేది.

కూతురు పోయాక ఆ వేలు ఊరికే ఆనించడంతో ఆగలేదు. పంతొమ్మిదేళ్ల పిల్ల, నాలుగు రోజుల జ్వరంతో చేజారిపోయింది. చిన్నప్పుడు దానికి ఒళ్లు వెచ్చబడితే, కనుబొమల మధ్య తల్లి బొటనవేలితో నిమురుతూ ఉంటేనే నిద్రపట్టేది. ఆఖరి రోజు ఆసుపత్రిలో తల్లిని లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత పనికి వచ్చిన మొదటి సోమవారం, కంచు మీద వేలు దానంతటదే కదిలింది. పన్నెండేళ్లు ప్రతి సోమవారం కాసేపు అలా నిమిరేది. ఇంట్లో ఏడిస్తే భర్త తట్టుకోలేడు. ఇక్కడైతే అడిగేవాళ్లు లేరు.

కిందటేడు ఆ వస్తువు మీద పరిశోధన చేయడానికి ఓ అమ్మాయి వచ్చింది. భూతద్దం పెట్టి చూసి ఎగిరి గంతేసింది.

“పిన్నీ, ఇటు రండి! ఈ ఒక్క ముఖమే నున్నగా మెరుస్తోంది చూశారా? ఏళ్ల తరబడి ఎవరో ఇక్కడే ఎడమ బొటనవేలు పెట్టి పట్టుకున్నారు. ఎలా పట్టుకునేవారో తెలిస్తే దేనికి వాడేవారో సగం తేలిపోయినట్టే! వచ్చే నెల అచ్చయ్యే నా వ్యాసంలో ఇదే రాస్తాను.”

పిన్ని ఇంటికెళ్లి భర్తతో తొడుగు సంగతి మాత్రం చెప్పింది.

“నోరు మూసుకుని ఊరుకో,” అన్నాడాయన. “నిన్ను పట్టివ్వడానికి ఆ కంచుకేమైనా నోరుందా? చెప్పావంటే తాళాలు లాక్కుంటారు.”

ఆమె భయమూ అదే. తాళాలు పోతే మూడో గదిలో పెట్టె తెరవడం ఉండదు, ఆ వేలుకి చోటుండదు. కానీ ఆ అమ్మాయి గంతేసిన తీరు కళ్లలోంచి పోవడం లేదు. మార్కులొస్తే కూతురూ అచ్చం అలాగే గంతేసేది. అచ్చయ్యాక నిజం బయటపడితే ఈ పిల్ల నలుగురిలో నవ్వులపాలవుతుంది.

సోమవారం పెట్టె తెరిచి, అమ్మాయిని పిలిచి, మచ్చ మీద వేలు పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

“ఇది పాతకాలం వాళ్లది కాదమ్మా. నాది.”

అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత పరుగున వెళ్లి ఆ వస్తువు ముప్ఫై ఏళ్లనాటి ఫోటో తెచ్చి చూసింది. అందులో ఆ ముఖం కూడా మిగతావాటిలాగే నల్లగా ఉంది.

“ఎందుకు పిన్నీ?” అంది నీరసంగా.

పిన్ని ఎవరికీ చెప్పనిదంతా చెప్పింది. అమ్మాయి ఏడ్చింది. వ్యాసం కోసమో, చచ్చిపోయిన పిల్ల కోసమో పిన్నికి తెలియలేదు, అడగలేదు.

మ్యూజియం పెద్దాయన కేకలేయలేదు. “ఇంతకాలం నమ్మాం కదమ్మా,” అని తాళాలు తీసుకున్నాడు. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఏడాదైంది. ఇప్పుడు పిన్ని మూడో గదిలో బయటి అద్దం మాత్రమే తుడుస్తుంది. ఎవరూ ముట్టుకోక మచ్చ వారం వారం మసకబారుతోంది. మొన్న వెతికితే గానీ కనబడలేదు. పిల్ల రెండోసారి పోతున్నట్టనిపించింది ఆమెకు. చీటీ మీద ‘ఉపయోగం తెలియదు’ అనే ఉంది. చదువుతూ ఎప్పుడు ఆనించిందో, అద్దం మీద ఆమె బొటనవేలి ముద్ర పడింది. కాసేపు దాన్నే చూసి, గుడ్డ తీసి తుడిచేసింది.