నవ్వితేనే ఫోటో

ఎర్రగుంట్లకు ఉద్యోగానికి వచ్చాక నేను ఒక్క ఫోటో కూడా దిగలేదు. తీసేవాళ్లుండాలి కదా. ఈ రోజు సెలవు కావడంతో నా పాత చిన్న కెమెరాను స్టూలు మీద కళ్ల ఎత్తులో పెట్టి, కిటికీ వెలుతురు పక్కనుంచి ముఖం మీద పడేలా కూర్చున్నాను. ఎదుటి మనిషి నవ్వితే దానంతట అదే ఫోటో తీసే కెమెరా అది. నవ్వాను. పళ్లన్నీ చూపించాను. "నవ్వాను కదే, తియ్యవే!" అని తిట్టాను కూడా. ఉలకలేదు.

కోసిగి నుంచి కూలి పనికొచ్చి పక్క గదిలో ఉంటున్న అక్క, బిందెతో పోతూ తలుపు దగ్గర ఆగింది.

"ఎవురితో మాట్లాడతాండావప్పా? లోపల ఎవురూ లేరే!"

"కెమెరాతోనక్కా. నవ్వితేనే ఫోటో తీస్తుంది."

"అదేం కెమెరాప్పా! ఆధార్ కాడ నేను నవ్వితే మూతి ముయ్యమని కసిరినారు."

పకపకా నవ్వేశాను. క్లిక్కుమంది.

ఆమె వెళ్లాక ఇంకొకటి దిగుదామని సాయంత్రం దాకా కూర్చున్నాను. మళ్లీ క్లిక్కుమనలేదు. ఉన్న ఆ ఒక్కదాన్నే ప్రొఫైల్‌లో పెట్టాను. బాగుందో లేదో చెప్పండి. చూపు కెమెరా మీద లేదేమని మాత్రం అడగొద్దు. అప్పుడు తలుపు దగ్గర మనిషి ఉంది.