పిందెకు వేలు చూపించిన డాక్టరు

అమెరికా ఉత్తరాన, నోవై ఊళ్ళో ఆదిశేషు ఇంటి వెనక ఏటా ఒక గుమ్మడి పాదు ఉండేది. ఆయన కార్ల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు బ్రేకులు డిజైన్ చేసి రిటైరైన మనిషి. బ్రేకు కీచుమంటే ఎక్కడో ఏదో రాసుకుంటున్నట్టే తప్ప గ్రహచారం కాదనేవాడు. అంతటివాడు, పిందెకు వేలు చూపిస్తే కుళ్ళిపోతుందని మాత్రం గట్టిగా నమ్మేవాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. అందులో ఆయనకు తప్పేమీ కనపడలేదు.

అక్కడి చలిలో గుమ్మడి పెంచడం ఓపికున్నవాళ్ళ పని. మే మొదట్లో గింజల్ని పేపర్ కప్పుల్లో వేసి కిటికీ దగ్గర పెట్టేవాడు. నేల వెచ్చబడటానికి పెరట్లో నల్ల ప్లాస్టిక్ పరిచేవాడు. మే నెలాఖరున వచ్చే మెమోరియల్ డే దాటి, మంచు కురిసే భయం పోయాకే మొక్కల్ని బయట నాటేవాడు. వేరు కదిలితే గుమ్మడికి గిట్టదు కాబట్టి, అడుగు చింపి కప్పుతో సహా పాతేవాడు. ఇంత చేసినా కాయ మాత్రం కాసేది కాదు.

2009 వేసవిలో మొదటిసారి ఒక పిందె కనపడింది. కనిపెట్టింది కోటేశ్వరరావు. ఆయన రిటైరైన గుండె డాక్టరు, భార్య పోయాక రెండు వీధుల అవతల ఒంటరిగా ఉండేవాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం పేకాటకి వచ్చేవాడు. వాళ్ళ స్నేహం పాతికేళ్ళ పైమాటే.

"అదుగోనోయ్ పిందె! ఆకు కింద చూడు, గోలీ అంతుంది!" అని వేలు పెట్టి మరీ చూపించాడు.

వారం తిరక్కుండానే పిందె పసుపుపచ్చగా మారి, మెత్తబడి రాలిపోయింది. ఆ శుక్రవారం పేకముక్కలు పంచుతూ ఆయన నోరు జారాడు.

"నీ చెయ్యి పడ్డాక ఏదైనా బతుకుతుందటయ్యా?"

గుండె డాక్టరుని, అందులోనూ భార్యను పోగొట్టుకున్నవాణ్ణి అనే మాట కాదది. కోటేశ్వరరావు ముక్కలు బల్లమీద పెట్టి, బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆదిశేషు ఫోనూ చెయ్యలేదు. తప్పు తనది కాదని ఆయన లెక్క.

మరుసటి ఏడు ఏ కన్నూ, ఏ వేలూ పడకుండా పాదు చుట్టూ నీలం టార్పాలిన్ కట్టి, పైన సన్నటి వల బిగించాడు. పిందెలు బోలెడు వేశాయి. వేసినవి వేసినట్టే కుళ్ళిపోయాయి.

ఆయన భార్య మృదుల కాఫీ కప్పు పట్టుకుని వచ్చి చూసింది. "వీటికెవరు వేలు చూపించారండీ?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయింది.

ఆదిశేషు వల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక పార్టు తీసేశాక కూడా చప్పుడు పోలేదంటే, తప్పు ఆ పార్టుది కాదు. ఇది ఆయన ఉద్యోగమంతా జూనియర్లకు చెప్పిన మాట. అయినా రెండు వీధులు దాటడానికి కాళ్ళు రాలేదు.

ఆ చలికాలమంతా గుమ్మడి గురించి చదివాడు. వానలకీ చలికీ తేనెటీగలు సరిగా రావు. పుప్పొడి అందని పిందె ఎవరు చూసినా చూడకపోయినా రాలిపోతుంది. తన వలేమో వచ్చే నాలుగు తేనెటీగల్ని కూడా ఆపేసింది. మూడో ఏడు వల తీసేసి, పొద్దున్నే పువ్వు ముడుచుకోకముందే మగపువ్వు కోసి, రేకులు తుంచి, ఆడపువ్వు మధ్యలో పుప్పొడి అద్దాడు. రెండు కాయలు నిలిచాయి. ఆగస్టు చివర తీగల కొసలు తుంచి, ఇక పండే వ్యవధిలేని పిందెల్ని కూడా తీసేశాడు. పాదు బలమంతా ఆ రెండింటికే పోయింది.

సెప్టెంబరులో మృదుల గుడినుంచి కబురు తెచ్చింది. "కోటేశ్వరరావు అన్నయ్యగారు ఇల్లు సేల్ చేసేశారట. వాళ్ళమ్మాయి సంహితకి నవంబరులో డెలివరీ. కమ్మింగ్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోతున్నారు, ఇంక రారట. సాటర్‌డే ట్రక్ వస్తుందిట."

"కాయ ముదరనీ, తీసుకెళ్తాను."

"కాయ కోసం ఆగుతున్నారా, నోరు రాక ఆగుతున్నారా?"

శుక్రవారం సాయంత్రం ఆయన కాయమీద గోరు గుచ్చి చూశాడు. దిగలేదు, కాయ ముదిరింది. తొడిమ ఉంచి కోసి, చంకనెత్తుకుని నడిచాడు.

కోటేశ్వరరావు తలుపు తీశాడు. హాలంతా అట్టపెట్టెలు. ఆదిశేషు నిలబడే తేనెటీగల గురించీ, పుప్పొడి గురించీ, చలి గురించీ చెప్పాడు. చివరికి, "నీ వేలు వల్ల కాదోయ్. తప్పంతా నాది. అనకూడని మాటన్నాను, క్షమించు," అన్నాడు.

కోటేశ్వరరావు చేతులు జేబుల్లోంచి తీయలేదు.

"సంహిత స్కాన్ ఫోటో పంపింది. ఫోన్ చేసి, బేబీ హార్ట్ ఎక్కడుందో చూసి చెప్పు నాన్నా అంది. నలభై ఏళ్ళు అందరికీ అదే చూపించాను కదా. కానీ బ్లర్‌గా ఉందమ్మా, కనపడట్లేదు అన్నాను. స్పష్టంగానే ఉంది. వేలు పెట్టడానికి భయమేసింది శేషూ."

ఆదిశేషు కాయను ఒక పెట్టెమీద పెట్టి, ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉన్న ఆ ఫోటో తీసుకొచ్చాడు.

"గుండె ఎక్కడుందో నాకు తెలీదు. చూపించు."

కోటేశ్వరరావు కుడిచెయ్యి బయటికి తీశాడు. ఆదిశేషు ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఇదుగో," అన్నాడు డాక్టరు, వేలు ఫోటోమీద ఆనించి. "ఇక్కడ."